పాతికేళ్ల కబుర్లకు పుస్తకం: విజయనగరం ప్రెస్సుల ‘బ్యాచ్ బుక్’ పని ఎలా ఉంటుంది

విజయనగరంలో బ్యాచ్ బుక్, అంటే కలిసి చదువుకున్నవాళ్ల వివరాల పుస్తకం, వేయించుకునేవాళ్లు అచ్చు గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు. గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల డీటీపీ సెంటర్లకీ, వాటి వెనకున్న ప్రెస్సులకీ పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూలు డైరీలు, గుడి సావనీర్లు చేసీ చేసీ చెయ్యి తిరిగిపోయింది. రంగు సరిగ్గా పడుతుంది, కటింగ్ తిన్నగా వస్తుంది, చెప్పిన తేదీకి ఒకట్రెండు రోజులు అటూ ఇటూగా కట్టలు చేతికొస్తాయి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి పాలకొండ రోడ్డు దాకా ఉన్న షాపుల సంగతీ దాదాపు ఇంతే. బెంగపడాల్సింది వాళ్ల కంప్యూటర్లో రెడీగా ఉండే టెంప్లేటు (వివరాలు నింపే పేజీ నమూనా) గురించి. డిగ్రీ అయిన పాతికేళ్లకో ముప్ఫయ్యేళ్లకో ఎవరు ఏ ఉద్యోగం చేస్తున్నారో, ఎవరింట్లో ఎవరెవరున్నారో చెప్పే పుస్తకం బాగుండేదీ పాడయ్యేదీ దాదాపుగా అక్కడే.

ప్యాకేజీ అంటే మామూలుగా ఇవన్నీ కలిపి: టైపు చేయడం, ఫొటోల స్కానింగు, పేజీలు పెట్టడం, రెండు ప్రూఫులు (అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రతులు), అచ్చు, బైండింగు, కవరుకి లామినేషన్. పాత విద్యార్థుల సమ్మేళనానికి ఫ్లెక్సీలు, బ్యాడ్జీలు, మెమెంటోలు కూడా వాళ్లే చేసిస్తామంటారు. అన్నీ ఒకచోటే ఇస్తే తిరిగే పని తగ్గుతుంది, అందులో తప్పులేదు. కాకపోతే కొటేషన్ మాత్రం ‘పుస్తకానికి ఇంత’ అని ఒకే అంకెగా తీసుకోవద్దు. టైపు పేజీకి ఎంత, స్కాను ఫొటోకి ఎంత, ప్లేట్లకి (అచ్చుకి వాడే రేకులకి) ఎంత, కాగితం ఏమిటి, బైండింగుకి ఎంత, లామినేషన్ అందులో ఉందా లేదా అని విడివిడిగా రాయించుకోవాలి. ఆఖర్లో పదిమంది వివరాలు ఆలస్యంగా వచ్చి 8 పేజీలు పెరిగినప్పుడు దేనికెంత కలిపారో తెలియాలంటే ఇదొక్కటే దారి.

ఇక టెంప్లేటు. ఎడమపక్కన ఫొటో, కుడిపక్కన గడులు: పేరు, గ్రూపు, ఉద్యోగం, భార్య లేక భర్త పేరు, పిల్లలు, వాళ్ల చదువు, చిరునామా, ఫోను. పేజీకి నాలుగు పెట్టెలు. టైపు చేసేవాళ్లకి ఇది సుఖం, చూడ్డానికీ పొందిగ్గా ఉంటుంది. అసలు ఇబ్బంది చదివేటప్పుడు తెలుస్తుంది. పెళ్లి చేసుకోనివాళ్లు ఉంటారు. విడిపోయినవాళ్లు ఉంటారు. పిల్లలు లేనివాళ్లు, ఉన్న బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. ఉద్యోగం గడి దగ్గర ఏం రాయాలో తెలియక ‘గృహిణి’ అని రాసి ఊరుకునేవాళ్లుంటారు. ఆవిడ ఇరవయ్యేళ్లుగా ఇంట్లో నలభై మందికి ట్యూషన్ చెప్పి ఉండొచ్చు. గడి ఖాళీగా ఉంటే పుస్తకం తెరిచిన ప్రతివాళ్ల కన్నూ ముందు అక్కడికే పోతుంది. ఆ భయంతోనే కొందరు ఫారమే పంపరు. నూటఇరవై మంది ఉన్న బ్యాచ్‌లో డెబ్భై మంది దగ్గరే వివరాలు ఆగిపోవడానికి బద్ధకంతో పాటు ఈ గడులు కూడా కారణం.

కాబట్టి షాపుని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. గడులు తీసేసి, ఒక్కొక్కరికీ ఒక పేరా పెడతారా అని అడగాలి. ‘అలా అయితే ఒకరిది పొడుగు, ఒకరిది పొట్టి అయిపోద్దండి’ అంటారు. అయితే అవనివ్వాలి. 35 నుంచి 50 మాటలు అని హద్దు పెడితే ఏ5 పేజీకి (ఏ4లో సగం) ఇద్దరు హాయిగా పడతారు, మాటలు తక్కువైన చోట కాస్త తెల్లకాగితం మిగిలితే మిగులుతుంది. పేరా ఇలా ఉంటే చాలు:

‘బీజడ్‌సీ. సొంతూరు పొందూరు. విశాఖలో బీఈడీ చేసి 1998 డీఎస్సీలో టీచరుగా చేరారు. ఇప్పుడు చీపురుపల్లి మండలంలో స్కూల్ అసిస్టెంట్, జీవశాస్త్రం. భర్త రైల్వేలో. పెద్దమ్మాయి నర్సింగ్ పూర్తిచేసింది, చిన్నవాడు ఇంటర్. సెలవులకి పొందూరులోనే ఉంటారు, అటు వచ్చినవాళ్లు ఇంటికి రావాలని కోరుతున్నారు.’

ఇంకొకటి:

‘బీకాం. సొంతూరు నెల్లిమర్ల. జూట్ మిల్లు అకౌంట్స్‌లో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత కొత్తవలసలో హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్నారు. అమ్మగారు తన దగ్గరే ఉంటారు. కాలేజీ క్రికెట్ టీముకి వికెట్ కీపరు. ఇప్పటికీ ఆదివారం ఆట మానలేదు.’

రెండో పేరాలో పెళ్లి మాట లేదు, పిల్లల మాట లేదు. లేదన్న సంగతి చదివేవాళ్లకి తట్టను కూడా తట్టదు. గడుల పెట్టెలో ఇదే మనిషికి మూడు గీతలు మిగిలేవి.

దీనికి తగ్గట్టు ఫారం కూడా మారాలి. గూగుల్ ఫారం ఉచితమే, వాడకమూ తేలికే. అందులో తప్పనిసరి అని పెట్టాల్సినవి నాలుగే: కాలేజీలో ఉన్నప్పటి పేరు, ఇప్పుడు వాడుతున్న పేరు, గ్రూపు, సొంతూరు. మిగతాదంతా ‘చదువు అయ్యాక ఇప్పటిదాకా మీ గురించి, మీ ఇంటివాళ్ల గురించి మీరు చెప్పాలనుకున్నది’ అనే ఒకే ఒక్క పెద్ద పెట్టె. ఫొటో అప్‌లోడ్ మాత్రం ఫారంలో పెట్టకపోవడమే మేలు. అది పెట్టగానే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమంటుంది, పాస్‌వర్డు గుర్తులేని సగం మంది అక్కడే వెనక్కి తిరిగిపోతారు. ఫొటో వాట్సాప్‌లోనే తెప్పించుకోవచ్చు, ఎలాగో కింద చెప్తాం. రాయలేనివాళ్లు, రాయడానికి మొహమాటపడేవాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టమంటే పెడతారు. రెండు నిమిషాల మాటల్లోంచి యాభై మాటల పేరా తీయడం కష్టమేం కాదు, పైగా ఆ పేరాలే బాగుంటాయి.

ఫోన్ నంబర్లు గూగుల్ షీట్లోంచి ఎక్సెల్‌కి, అక్కణ్ణుంచి డీటీపీకి వెళ్లేసరికి 9.44 పక్కన ‘ఈ ప్లస్ 09’ అన్నట్టు మారిపోతాయి. కాలమ్‌ని ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

పేర్ల దగ్గర మన జిల్లాలకి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. ఒకే బ్యాచ్‌లో ముగ్గురు అప్పలనాయుళ్లు, ఇద్దరు సూర్యనారాయణలు, ఇద్దరు పైడిరాజులు, నలుగురు లక్ష్ములు ఉండటం వింతేమీ కాదు. ప్రెస్సులో ఫొటోలు తారుమారయ్యేది సరిగ్గా వీళ్లకే. ఫొటో ఫైలు పేరులోనే వరస నంబరు, పేరు, ఊరు మూడూ ఉండాలి: ‘047 పైడిరాజు గజపతినగరం’ అన్నట్టు. పుస్తకంలో వరస ఇంటిపేరుతో పెట్టొద్దు. క్లాసులో ఎవరూ ఎవర్నీ ఇంటిపేరుతో పిలుచుకోలేదు. పైగా ఆడపిల్లల ఇంటిపేర్లు పెళ్లితో మారాయి, మారినపేరు చూస్తే పక్కబెంచీలో మూడేళ్లు కూర్చున్నవాళ్లు కూడా పోల్చుకోలేరు. కాలేజీనాటి పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద ఇప్పటి పేరు చిన్న అక్షరాల్లో పెట్టాలి. అక్షరక్రమం కాలేజీనాటి పేరుకే. ముద్దుపేర్లు వేయాలన్న ఉత్సాహం ప్రతి బ్యాచ్‌లో ఉంటుంది; ఆ పేరు మోసినమనిషి సరేనంటేనే వేయాలి. ఇరవయ్యేళ్ల వయసులో రంగుని బట్టో కాలు నడకని బట్టో పెట్టిన పేరు ఇవాళ వాళ్ల కోడలు చదువుతుంది.

బ్యాచ్‌కి సంవత్సరం రాసేటప్పుడు చేరిన ఏడూ, బయటికొచ్చిన ఏడూ రెండూ రాయాలి: 1990–93 అని. పాసైన ఏడు ఒక్కటే పెడితే సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు తమ క్లాసులోనే పరాయివాళ్లయిపోతారు. మధ్యలో మానేసి ఆర్మీలోకో రైల్వేలోకో వెళ్లిపోయినవాళ్లనీ వదలకూడదు. ఈ రెండు జిల్లాల బ్యాచ్‌లలో అలాంటివాళ్లు బాగానే ఉంటారు, పిలిస్తే అందరికంటే ముందు వచ్చేదీ వాళ్లే.

విశ్వవిద్యాలయం పేరు దగ్గర కూడా షాపువాళ్లు ఇప్పుడున్న పేరే కొట్టేస్తుంటారు. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు అది ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ సెంటరు. అంటే 1995లో అక్కడ ఎమ్మెస్సీ చేసినవాళ్ల పట్టా ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. విజయనగరం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2007లో మొదలైంది, తర్వాత కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వెళ్లింది, ఇప్పుడది జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం. పట్టా మీద ఏముంటే పుస్తకంలో అదే ఉండాలి. 1879 నాటి మహారాజా కళాశాల లాంటి పాత కాలేజీల బ్యాచ్‌లకి ఈ గొడవ లేదుగానీ, పేరుని ఒకచోట ‘ఎమ్మార్ కాలేజీ’ అనీ, ఇంకోచోట ‘మహారాజా కాలేజీ’ అనీ, మరోచోట ‘మహారాజావారి కళాశాల’ అనీ కొట్టడం కనిపిస్తుంటుంది. ఏదో ఒకటి పట్టుకోవాలి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన విజయనగరం సంగీత కళాశాల విద్యార్థులైతే ఉద్యోగంతో పాటు ఆకాశవాణి గ్రేడు కూడా రాయాలి. ఆ రంగంలో బీ హై, ఏ, టాప్ అన్న తేడా ప్రమోషన్ కంటే పెద్ద కబురు.

చిరునామాల్లో జిల్లా పేరు మరో ఉచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం కూడా అందులోనే. పాత సావనీరు ఫైలు తెరిచి చిరునామాలు అలాగే దింపేస్తే ఇవన్నీ తప్పు పడతాయి. సొంతూరి దగ్గర జిల్లా పేరు వేయకుండా మండలం వేస్తే పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ అర్థమవుతుంది.

ఉద్యోగం గురించి రాసేటప్పుడు టీచర్లకి స్కూలు పేరు కాకుండా హోదా, సబ్జెక్టు, మండలం వేయాలి. ఒక్క బదిలీ కౌన్సెలింగ్ అయిందంటే స్కూలు పేర్లు సగం మారిపోతాయి, అసలే మన బ్యాచ్‌లలో టీచర్లు ఎక్కువ. ‘రిటైర్డ్’ అన్నమాట వయసు లెక్కగట్టి ఎప్పుడూ వేయకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి 2022లో పదవీ విరమణ వయసు 60 నుంచి 62కి పెరిగింది. కేంద్ర ఉద్యోగులకి 60. ఒకే ఏడాది పుట్టి ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉంటే ఇంకొకరు ఆఫీసులో ఉండొచ్చు. మాజీ సైనికులకి రెండు ఉద్యోగాలూ రాయాలి. సైన్యంలో చేరిన ఏడు, హోదా, తర్వాత బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేరిన సంగతి. ‘విదేశాల్లో స్థిరపడ్డారు’ అన్న మాట ఏమీ చెప్పదు. ఊరి పేరు, చేస్తున్న పని రాస్తేనే అదే ఊళ్లో పిల్లల్ని చదివిస్తున్న క్లాస్‌మేట్‌కి పనికొస్తుంది.

చనిపోయినవాళ్ల పేజీ విషయంలో తొందర పనికిరాదు. ఎవరో అన్నారని కీ.శే. వేస్తే, ఆ మనిషి బతికుంటే, ఆ పుస్తకాన్ని సరిదిద్దే దారి లేదు. కనీసం ఇద్దరు వేర్వేరుగా చెప్పాలి, ఆ పైన ఇంటివాళ్లతో ఒకమాట మాట్లాడాలి. ఆ ఫోన్ చేయడం బరువైన పనే. కానీ ఇంటివాళ్లు మంచి ఫొటో ఇస్తారు, ఏ పేరు వేయాలో చెప్తారు, సమ్మేళనానికి కొడుకునో కూతుర్నో పంపుతారు కూడా. ఈ పేజీలో మరణకారణం వేయొద్దు. పేరు, గ్రూపు, ఊరు, వెళ్లిపోయిన ఏడు, కుటుంబంలో ఎవరున్నారో ఒక వాక్యం, అంతే. షాపువాళ్లు చుట్టూ నల్లగీతలు, పూలదండలు, దీపాలు పెట్టేస్తారు; అవి తీసేయమని చెప్పాలి. ఆచూకీ దొరకనివాళ్ల పేర్లు వేరే పేజీలో ‘వీరి గురించి తెలిస్తే చెప్పండి’ అని వేస్తే సమ్మేళనం రోజునే నలుగురైదుగురి నంబర్లు దొరుకుతాయి.

టైపు దగ్గరికొస్తే, ఇక్కడ చాలా సెంటర్లు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ తెలుగు ఫాంట్లతోనే చేస్తాయి. వాళ్ల వేగం దాంతోనే వస్తుంది, అచ్చులో అక్షరమూ నిండుగా ఉంటుంది. ఇబ్బందేమిటంటే మీరు ఫోన్లో టైపు చేసి పంపింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగల అక్షరాల పద్ధతి. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగుని తీసుకోదు. కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఆ మార్పులో క్ష, జ్ఞ, ర వత్తు, కొన్ని రెండు వత్తుల అక్షరాలు దెబ్బతింటాయి. ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, ‘హైదరాబాద్‌లో’ కాస్తా ‘హైదరాబాద్లో’ అవుతుంది. అక్షరాలు కలవకుండా ఆపే కనపడని గుర్తు రాలిపోవడమే దీనికి కారణం. ఉద్యోగాల పుస్తకంలో సాఫ్ట్‌వేర్ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. అను అక్షరాల్లో ఉన్న పేర్లని కంప్యూటరు అకారాది క్రమంలో పేర్చలేదు కూడా, లోపలున్నవి ఇంగ్లిషు కోడ్లే కాబట్టి. అందుకని వరస షీట్లోనే పెట్టుకుని నంబర్లు వేసి ఇవ్వాలి.

ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తో చేసే సెంటర్ దొరికితే రేటు కాస్త ఎక్కువైనా అక్కడికే వెళ్లడం మంచిది. పంపింది పంపినట్టు వస్తుంది, ఐదేళ్ల తర్వాత అదే ఫైలు మళ్లీ వాడుకోవచ్చు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేశారో లేదో చూడమనండి, లేకపోతే వత్తులు విడివిడిగా పడతాయి. ఫాంట్లకి కరువు లేదు: మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ అన్నీ ఉచితం. గురజాడ, గిడుగు పేర్లతోనూ ఉచిత ఫాంట్లున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం బ్యాచ్‌ల పుస్తకానికి శీర్షికల్లో ఆ రెండూ వాడుకుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో. పేరా అక్షరం మాత్రం 11 పాయింట్లకి తగ్గించనివ్వొద్దు. చదివేవాళ్లు యాభై దాటినవాళ్లు.

ఫొటోల్లో తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి పంపడం. పాస్‌పోర్టు సైజు అంటే 35 మిల్లీమీటర్లు, 45 మిల్లీమీటర్లు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అచ్చుకి అది 413, 531 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఒక్క మనిషి ఫొటో కుదించుకుపోయినా ఈ లెక్కకి సరిపోతుంది. పెళ్లిలో దిగిన గ్రూపు ఫొటోలో ఒక్క ముఖం 150 పిక్సెళ్లే ఉంటే, అది స్పష్టంగా అచ్చయ్యేది 13 మిల్లీమీటర్ల వెడల్పు వరకే. సాగదీస్తే ముఖం పిండిముద్దలా అవుతుంది, దానికి ప్రెస్సుని అని లాభం లేదు. పగటి వెలుగులో గుమ్మం దగ్గర నిలబడి ఇంట్లోవాళ్లతో తీయించుకుని, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని చెప్తే చాలు.

కాలేజీనాటి గ్రూపు ఫొటో పుస్తకానికి ప్రాణం. అట్టమీద అంటించిన ఆ పెద్ద ఫొటో ఏ4 స్కానర్లో పట్టదు. రెండు ముక్కలుగా 600 డీపీఐలో స్కాను చేసి కలిపించుకోవాలి, లేదా ఆరుబయట నీడలో గోడకి ఆనించి, ఫ్లాష్ లేకుండా మంచి కెమెరాతో తీయించాలి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోని బలవంతంగా ఊడదీయొద్దు, పొర లేచొచ్చేస్తుంది, అద్దంతోనే తీయించాలి. అట్ట కింద అచ్చేసిన పేర్లు నమ్మదగినవి కావు, అప్పట్లోనే తప్పులు పడి ఉంటాయి. ఒక్కో వరసని కత్తిరించి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎడమ నుంచి కుడికి పేర్లు చెప్పమంటే రెండ్రోజుల్లో తేలిపోతుంది. గ్రూపు ఎప్పుడూ లేనంత హుషారుగా ఉండేది కూడా ఆ రెండ్రోజులే.

ఇప్పుడు పేజీల లెక్క. 120 మంది, పేజీకి ఇద్దరు, అంటే 60 పేజీలు. గురువుల పేజీలు, గ్రూపు ఫొటో, వెళ్లిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు, ఊళ్లవారీ సూచిక కలిపి మరో 16 అనుకుంటే 76. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో చేసే అచ్చులో, ఫారాలు (ఒక్కో పెద్ద కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీలు) 16 పేజీల లెక్కన పోతాయి కాబట్టి 80కి తేవడం మంచిది, ఆ నాలుగు పేజీలూ పాత ఫొటోలకి పనికొస్తాయి. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) మ్యాప్‌లితో, అంటే మెరుపు లేని మామూలు పుస్తకాల కాగితం, చాలు. షాపువాళ్లు ‘అంతా ఆర్ట్ పేపర్ మీద వేయించేయండి, రిచ్‌గా ఉంటుంది’ అంటారు. ఫొటోలు బాగా వస్తాయి, నిజమే. కానీ ఆర్ట్ పేపర్ ట్యూబ్‌లైటు కింద మెరుస్తుంది, పెన్నుతో రాస్తే సిరా పట్టదు. ఈ పుస్తకంలో జనం రాసుకుంటారు: మారిన నంబరు, కొత్తగా పుట్టిన మనవరాలి పేరు, సంతకాలు. 16 పేజీలు మాత్రం 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో వేసి, మిగతా 64 మ్యాప్‌లితో మీద నలుపులో వేస్తే ఖర్చూ తగ్గుతుంది. నలుపుకి ఒక ప్లేటు పడే చోట రంగుకి నాలుగు కావాలి. తేడా అక్కడ వస్తుంది.

80 పేజీలంటే 40 ఆకులు, మందం 4 మిల్లీమీటర్లు. జిగురుతో అతికే పర్ఫెక్ట్ బైండింగుకి ఇది చాలా సన్నం. రెండేళ్లలో మధ్యలో విరిగి ఆకులు ఊడతాయి, ఆర్ట్ పేపర్ కలిసిన చోట ఇంకా ముందే ఊడతాయి. సెంటర్ పిన్ కొట్టించొచ్చు, కానీ ఇన్ని పేజీలకి మధ్యలో ఉబ్బుతుంది. కుట్టు వేసి ఆ పైన కవరు అతికించడం అన్నిటికంటే గట్టిది. ఇక్కడ కుట్టుపని తెలిసిన బైండర్లు ఇంకా ఉన్నారు, అకౌంట్ పుస్తకాలు కుట్టే చేతులే అవి. అడగనిదే షాపువాళ్లు చెప్పరు, రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుందని. అడిగి చేయించుకోవాలి. కవరు 250 జీఎస్‌ఎం బోర్డు, మ్యాట్ లామినేషన్. మెరిసే గ్లాసీ లామినేషన్ మీద వేలిముద్రలు పడతాయి.

కాపీలు 300 లోపైతే డిజిటల్ అచ్చుకీ ఆఫ్‌సెట్‌కీ రెండిటికీ కొటేషన్ తీసుకోవాలి. డిజిటల్‌కి ప్లేట్లు ఉండవు, కావలసినన్నే వేయించుకోవచ్చు, తర్వాత ఇరవై కాపీలు కావాలన్నా దొరుకుతాయి. నలుపు పేజీలు మాత్రం ఆఫ్‌సెట్‌లోనే కంటికి హాయిగా ఉంటాయి.

ప్రూఫు విషయంలో ప్యాకేజీ బలహీనత తెలిసిపోతుంది. రెండు ప్రూఫులిస్తామంటారు, ఇస్తారు కూడా. కానీ వాళ్లు సరిచూసేది పేజీ అమరికనే. పేరు తప్పయిందా, పిల్లాడి చదువు తప్పయిందా అన్నది వాళ్లకి తెలిసే వీల్లేదు. కమిటీలో ఇద్దరు కూర్చుని చదివినా తెలియదు. మొదటి ప్రూఫు రాగానే ఎవరి పేరాని వాళ్లకే స్క్రీన్‌షాట్ తీసి విడిగా పంపాలి: ‘మీ పేరా ఇలా పడుతుంది, తప్పుంటే బుధవారం లోపు చెప్పండి’ అని. గ్రూపులో పెట్టకూడదు. గ్రూపులో అందరిముందూ ‘మా అబ్బాయి ఆ ఉద్యోగం మానేశాడు, తీసేయండి’ అని చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది? దిద్దినవన్నీ ఒకే కాగితం మీద పేజీ నంబరుతో రాసి ఇవ్వాలి. ఫోన్లో ఒక్కొక్కటీ చెప్తే మూడు చేస్తారు, నాలుగోది మర్చిపోతారు. రెండో ప్రూఫులో దిద్దిన చోట్లే కాకుండా వాటి కింద వాక్యం కూడా చదవాలి, దిద్దేటప్పుడు పక్కది చెడుతుంది.

ఎప్పుడివ్వాలన్నది కూడా ముఖ్యం. మన దగ్గర సమ్మేళనాలు ఎక్కువగా సంక్రాంతి సెలవుల్లోనో మే నెలలోనో పెట్టుకుంటారు. సంక్రాంతికి ముందు ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలతో మునిగి ఉంటాయి. మే నెల పెళ్లికార్డులది. 120 పేరాలకి టైపు, పేజీలు పెట్టడం 10 నుంచి 12 రోజులు, రెండు ప్రూఫులకి 8 రోజులు, అచ్చుకి 4, కుట్టు బైండింగుకి 4 అనుకుంటే నాలుగు వారాలు. పండక్కి పుస్తకం చేతిలో ఉండాలంటే నవంబరు ఆఖరుకల్లా మ్యాటరంతా ఇచ్చేయాలి, దసరాకి ఫారం పంపాలి. దసరా తర్వాత మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చాలామంది ఊరికి వస్తారు కాబట్టి, ఫారం నింపనివాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి రాయించుకోవడానికి అది మంచి అదను.

ఫోన్ నంబర్లు అందరివీ వేయొద్దు. వేయొచ్చా అని ఫారంలో అడగాలి, సరే అన్నవాళ్లవే వేయాలి. పుస్తకంతో పాటు ప్రెస్సు పీడీఎఫ్ కూడా ఇస్తుంది, అది గంటలో యాభై గ్రూపులకి పాకుతుంది. పేరు, ఊరు, ఉద్యోగం, పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అన్నీ ఉన్న పీడీఎఫ్ మోసగాళ్ల చేతికి వెళితే ‘మీ అబ్బాయి మా దగ్గరున్నాడు’ అని ఫోన్ చేయడానికి వాళ్లకి ఇంకేం అక్కర్లేదు. అందుకే అచ్చు ప్రతిలో నంబర్లుండాలి, పీడీఎఫ్‌లో నంబర్లూ చిరునామాలూ తీసేసిన ప్రతి వేరుగా చేయించుకోవాలి. పేరాల శైలిలో ఉన్న పుస్తకానికి ఇది పది నిమిషాల పని, నంబర్లన్నీ చివర సూచికలోనే ఉంటాయి కాబట్టి. క్యూఆర్ కోడ్ వేయించేట్టయితే నేరుగా లింకు ఉన్న కోడే వేయాలి. కొన్ని సైట్లు ఉచితంగా ఇచ్చే డైనమిక్ కోడ్లు (ఆ సైటు మీదుగా తిప్పి పంపేవి) ట్రయల్ అయిపోగానే ఆగిపోతాయి, పుస్తకం మీద అచ్చు మాత్రం అలాగే ఉంటుంది. 2 సెంటీమీటర్లకి తగ్గకూడదు, ప్రూఫు కాగితం మీదే స్కాను చేసి చూసుకోవాలి.

రాలేకపోయినవాళ్లకి పంపడం తేలికే. పైన చెప్పిన ఏ5 పుస్తకం దాదాపు 130 గ్రాములు తూగుతుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి విడి కాపీలు స్పీడ్ పోస్టులో పంపొచ్చు. హైదరాబాదులో పాతికమంది ఉంటే ఆర్టీసీ కార్గోలో ఒకే కట్టగా వేసి, అక్కడ ఒకరి చేత పంచిపెట్టించడం చౌక. కట్ట నాలుగు మూలలా అట్టముక్కలు పెట్టి కట్టమనాలి, లేకపోతే పైవీ కిందవీ మూలలు మడతపడతాయి.

ఆఖరి చెల్లింపు ఇచ్చేముందు ప్రెస్సు నుంచి మూడూ తీసుకోవాలి: అచ్చుకిచ్చిన పీడీఎఫ్, దిద్దడానికి వీలున్న ఓపెన్ ఫైలు, స్కాను చేసిన ఫొటోలన్నీ పూర్తి సైజులో. ఓపెన్ ఫైలు ఇవ్వడానికి కొన్ని షాపులు వెనకాడతాయి, మళ్లీ పని వేరేచోటికి పోతుందని. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రసీదు మీద రాయించుకుంటే పేచీ ఉండదు. కంప్యూటరు మార్చినప్పుడో, ఆపరేటరు మానేసినప్పుడో ఆ ఫోల్డరు షాపులో దొరకదు. ఐదేళ్లకి మళ్లీ పుస్తకం వేద్దామన్నప్పుడు 120 ఫొటోలు మళ్లీ అడగాల్సి వస్తుంది, అప్పటికి అడగడానికి అందరూ ఉండరు.